బీరువా నిండా సాకులు

నిజం చెప్పేస్తాను. మీరు నవ్వినా ఫర్వాలేదు, చివరిదాకా వింటే చాలు. నా బీరువాలో ఎన్ని బట్టలున్నాయో అన్ని అబద్ధాలున్నాయి. ఈ పూల లాల్చీ అక్క కోసం కొన్నది, నాకు అక్క లేదు. ఈ చున్నీ ఎండకు తలకు చుట్టుకోవడానికి, కొన్నది డిసెంబరులో. ఈ వెండి కడియం గ్రహశాంతికి, ఏ గ్రహానికో ఇప్పటికీ తెలియదు. అన్నీ నాకోసమే కొన్నాను. ఆ ఒక్క మాట తప్ప మిగతా మాటలన్నీ చెప్పాను.

ఆదోని పక్కన పల్లెలో పుట్టి, కర్నూలులో చదివి, కడపలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాసుకుంటున్న మనిషిని. ఇంట్లో మగపిల్లాడనే పెంచారు, నేనూ ఎదురు చెప్పలేదు. కానీ ప్యాంటూ చొక్కా వేసుకున్న ప్రతిసారీ ఇవి నావి కావు, సాయంత్రానికి ఎవరికో తిరిగిచ్చేయాలి అనిపించేది. పోనీ చీర కట్టుకుంటే తీరిపోతుందా అంటే, అదీ పూర్తిగా కాదు. చూడగానే ఆడా మగా అని తేల్చలేని బట్ట కావాలి నాకు. లోపల నేనెవరో నాకే ఇంకా తేలలేదు. బట్టయినా నన్ను తొందరపెట్టకుండా ఉంటే బాగుండుననిపించేది. ముప్ఫై దాటేదాకా ఈ సంగతి మాటల్లో పెట్టుకోవడం కూడా రాలేదు. వచ్చాక మాత్రం ఒక్క నెల జీతంతో తేల్చి పారేద్దామనుకున్నాను.

రాత్రంతా ఫోన్లో ఫోటోలు చూశాను. ఎక్కడో మంచు కురిసే దేశాల్లో పొడవాటి కోట్లు, నేలమీద పారాడే ప్యాంట్లు వేసుకుని నిలబడ్డ మనుషులు. ఆడో మగో తెలియదు, అందంగా మాత్రం ఉన్నారు. వాళ్లలా అయిపోవాలని తెల్లారేలోపు చేతికందిందల్లా ఆర్డరు పెట్టాను. మొదట వచ్చింది ఒక నల్ల పలాజో ప్యాంటు. ఒక్కో కాల్లో ఒక సంసారం కాపురం పెట్టొచ్చు. అద్దంలో చూసుకుంటే ప్రపంచమంతా నన్నే చూడ్డానికి బయల్దేరి వస్తోందనిపించింది. ఆ గర్వంతోనే ఒక ఆదివారం బండెక్కాను. బయట నలభై రెండు డిగ్రీలు.

ఏడు రోడ్ల కూడలి దాకా బాగానే జరిగింది. గాలికి ప్యాంటు తెరచాపలా లేస్తోంది, నేను మెడ నిక్కించి కూర్చున్నాను. సిగ్నల్ పడింది, కాలు కింద పెట్టాను, సిగ్నల్ వదిలారు, బండి కదిలింది, ప్యాంటు కదల్లేదు. చైన్లో ఇరుక్కుంది. వెనక ఆటో హారను, దాని వెనక బస్సు హారను, నేను లాగితే బట్ట చిరుగుతోంది, లాగకపోతే బండి పడుతోంది, బండి పట్టుకుంటే ప్యాంటు జారుతోంది, ప్యాంటు పట్టుకుంటే బండి నా మీదికే వస్తోంది. పుచ్చకాయల బండివాడు కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మోకాళ్లమీద కూర్చుని, చైన్లో చిక్కిన గుడ్డను ఓపిగ్గా కోసి, నన్ను విడిపించాడు. చుట్టూ గుమిగూడిన జనంలో ఒక పెద్దమ్మ మాత్రం నోరు విప్పింది. "పంచె కట్టుకున్నోడు బండెక్కేటప్పుడు ఎగ్గట్టుకోవాల గదా నాయనా!"

ఆమెకు అది పంచె. అంతే. నేను రాత్రంతా నిద్ర మానుకుని, జీతం పోసి, లోకాన్ని ధిక్కరిస్తున్నానని గుండె దడదడలాడించుకుని వేసుకున్న బట్ట ఆమె కంటికి పంచె. ఊరంతా నన్నే చూస్తుందని భయపడటం, చూడాలని ఆశపడటం, రెండూ ఒక్కటే జబ్బు. మీకూ కాస్తో కూస్తో ఉండే ఉంటుంది. కొత్త చొక్కా వేసుకున్నరోజు వీధి చివరిదాకా నడక మార్చుకోని మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ దెబ్బతో ఆన్‌లైన్ మానేసి కొట్లమీద పడ్డాను. కడపలో వై.వి. స్ట్రీట్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, అక్కడికి బట్టలకని పోయి ఉత్తి చేతుల్తో ఎవరూ తిరిగిరారు. ఒక కొట్టు ముందు ఆగాను. తెల్లటి లాల్చీ, మెడ చుట్టూ సన్నటి తెల్లదారంతో పూల కుట్టు. ఎదురుగా ఆడవాళ్ల సెక్షను. "ఎవరికి సార్?" అన్నాడు కొట్టాయన. "మా అక్కకు" అన్నాను. "అక్కది ఏ సైజు?" నా భుజాల వైపు చూసుకుని, "ఇంచుమించు నాలాగే" అన్నాను. ఆయన నా భుజాలు చూశాడు, నా ఎత్తు చూశాడు. "కవలలం" అన్నాను, అడగకపోయినా.

ఆ రోజు పుట్టిన అక్క ఊరికే ఉండలేదు. ఆ కొట్టాయన మంచి మనిషి, మనిషిని గుర్తుపెట్టుకుంటాడు. ఎప్పుడు పోయినా "అక్క బాగుండాదా?" అంటాడు. బాగుందన్నాను. "పెళ్లయిందా?" అయిందన్నాను, అంత వయసొచ్చింది గదా మరి. ఇంకోసారి పోతే "విశేషమేమన్నా ఉండాదా?" అన్నాడు. సిగ్గుతో తల ఊపాను. ఆ తల ఊపుకు సీమంతం చీర కొనవలసి వచ్చింది, ఆకుపచ్చది, జరీ అంచుది. డబ్బులు తగ్గించాడు, పైగా పుట్టబోయే బిడ్డకని ఒక గౌను ఉచితంగా పొట్లం కట్టిచ్చాడు. ఇంటికొచ్చి ఆ చిన్న గౌను చేతిలో పట్టుకుని కూర్చుంటే నాకు నవ్వు రాలేదు. లేని బిడ్డకు ఒక మనిషి మనసారా ఇచ్చిన గౌను. ఆయన మంచితనాన్ని నా పిరికితనం అలా తినేసింది. ఆపై ఆ వీధి పక్కకే పోవడం మానేశాను. చివరికి ఒక దీపావళికి పోయి, ఆ గౌను బల్లమీద పెట్టి, అక్క లేదని, లాల్చీలన్నీ నాకేనని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గౌను తీసుకుని లోపల పెట్టాడు. "నలభై రెండు సైజు మగోళ్ల సెక్షన్లో కూడా ఉండాది" అన్నాడు, ముక్తసరిగా. కోపమొచ్చిందని తెలిసింది, నా బట్టలమీద కాదు, లేని అక్కమీద.

నిజానికి ఈ సాకులు నా ఒక్కడి సొత్తు కాదు. ఆలోచిస్తే మన సీమంతా నాకు ముందే ఇవి నేర్పిపెట్టింది. మా వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోయే ఆడకూలీలను చూడండి. చీరమీద మొగుడి ఫుల్‌చేతుల చొక్కా, తలకు తువాలు. గుండీలు మెడదాకా పెట్టుకుంటారు. ఆడామె మగచొక్కా వేసుకుందని ఏ ఊళ్లోనూ పంచాయితీ పెట్టలేదు. చేతులు గీరుకుపోకుండా వేసుకుంది, అంతే. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కడతారు. పాలెగాణ్ణి వెతికి చంపడానికి ఆ అమ్మవారే దొరవేషం వేసిందని అక్కడివాళ్ల నమ్మకం. పనికైతే సరే, పండగకైతే సరే, మొక్కుకైతే సరే. ఊరికే, నాకు బాగుందని వేసుకుంటానంటేనే ఎవరికీ మింగుడుపడదు. నాకూ పడలేదు. అందుకే నేనూ మొక్కు వెతుక్కున్నాను.

ఆదోని దగ్గర సంతెకుడ్లూరు అని ఊరుంది. హోలీ వస్తే అక్కడ మగవాళ్లు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని, పళ్లెం పట్టుకుని రతీమన్మథుల దగ్గరకు పోయి మొక్కు తీర్చుకుంటారు. చదువుకున్నవాళ్లూ ఉద్యోగాలు చేసేవాళ్లూ కూడా. ఎవరూ వేళాకోళం చేయరు. ఇంట్లో ఆడవాళ్లే దగ్గరుండి కుచ్చిళ్లు పెడతారు. చిన్నప్పుడు మామ భుజమెక్కి ఆ పండగ చూశాను. రంగులకంటే ఆ చీరలే గుర్తున్నాయి. ఏడాదికి ఒక్కరోజు, ఊరంతా ఒప్పుకున్న రోజు.

"అమ్మా, నేను హోలీకి చీర కడతానని మొక్కుకున్నా" అని ఫోన్ చేశాను.

అమ్మ పొంగిపోయింది. దేవుడంటే పట్టనివాణ్ణి మొక్కుకున్నానా అని సంబరం. "దేనికి మొక్కుకున్నావు నాయనా?" అంది. ఇది అడుగుతుందని నేను ఆలోచించనే లేదు. ఏడాదిపాటు లెక్కల్లో పైసా తేడా రానివ్వని నా బుర్ర ఆ క్షణాన పనిచేయలేదు. మన్మథుడు, రతి, మొక్కు... నోటికి ముందొచ్చిన మాట "పెళ్లికి".

హోలీనాడు జేజి చీర తీసింది అమ్మ. చిలకపచ్చ నూలుచీర, ఎర్రంచు. పెట్టెలోని నాఫ్తలీన్ వాసన ఇంకా పోలేదు. నేలమీద మోకాళ్లూని కుచ్చిళ్లు సర్దుతూ, పిన్నీసు పళ్లమధ్య పట్టుకుని, "కదలొద్దు" అంది. కదల్లేదు. పైట భుజాన వేసి సరిచేసి, వెనక్కి జరిగి చూసి, "అచ్చం మా అమ్మే" అంది. ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా జీవితంలో నేను బాగున్నానని నమ్మిన మొదటిరోజు అదే.

బయటికొచ్చాక మొదలైంది. అమ్మ వరుసలో నిలబడ్డవాళ్లకల్లా చెప్పింది, మావాడు పెళ్లికి మొక్కుకున్నాడని. పక్కనున్న పెద్దమ్మ విని వాళ్ల తోడికోడలికి చెప్పింది, తోడికోడలు ఎమ్మిగనూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ కొట్టింది, తమ్ముడికి ఎదిగిన కూతురుంది, నేను పళ్లెం పట్టుకుని గుడి మెట్టు ఎక్కేలోపు ఆ అమ్మాయి ఫోటో నా ఫోన్లో, దిగేలోపు జాతకం అమ్మ ఫోన్లో, మధ్యాన్నానికి మామ వచ్చి "కట్నం మాట నువ్వెత్తొద్దు, నేను చూసుకుంటా" అన్నాడు, సాయంత్రానికి పిల్ల తండ్రే దిగబడి, చీరలో ఉన్న నన్ను కిందినుంచి మీదిదాకా చూసి, "మొక్కు ఇంత శ్రద్ధగా తీర్చేవాడు సంసారం బాగా చేస్తాడు" అని నా వీపు తట్టాడు. పారిపోదామంటే చీరలో పరుగెత్తడం నాకు రాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా నిజమైన మొక్కులు తీర్చుకున్నారు. బిడ్డ జబ్బు తగ్గినందుకు, పంట చేతికొచ్చినందుకు. నేను ఆ దేవుడి ముందూ అబద్ధమాడాను. ఎవరో తెలియని ఒక ఆడపిల్ల నా అబద్ధంలో అనవసరంగా ఇరుక్కుంది. పొద్దున్నే లేచి అమ్మకు చెప్పాను. పెళ్లికి కాదు, దేనికీ కాదు, నాకు చీర కట్టుకోవాలనిపించింది, ఎప్పట్నుంచో అనిపిస్తోంది, అన్నాను. అమ్మ పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. "నువ్వు వాళ్లలెక్కనా?" అంది. ఎవరినంటోందో నాకు తెలుసు. "తెలీదు మా" అన్నాను. అన్ని అబద్ధాల తర్వాత నోట్లోంచి వచ్చిన నిజం అంతే. అమ్మ ఏడ్చింది. చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ సంబంధం మాత్రం తానే ఫోన్ చేసి వద్దని చెప్పింది, తప్పు మాదేనని చెప్పి.

అమ్మ అన్న "వాళ్ల" గురించి ఒకటి చెప్పాలి. ఇది చెప్పడమే అన్నిటికంటే కష్టం. కర్నూలు బస్టాండు దగ్గర టీ బంకులో స్నేహితులతో ఉన్నాను ఒకసారి. ఒక హిజ్రా వచ్చి చప్పట్లు కొట్టింది. మావాళ్లలో ఒకడు ఆమెను ఏదో పాడుమాట అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నా ఒంటిమీద ఉన్నది అక్క పేరుతో కొన్న లాల్చీ. ఆమె అందరినీ వదిలి నన్నే చూసింది, ఏమీ అనకుండా పోయింది. ఆమె చీర కట్టుకోవడానికి ఇల్లు వదులుకుంది, ఊరు వదులుకుంది, మాటలు పడుతోంది. నేను ఒక లాల్చీ వేసుకోవడానికి ఆమెను చూసి నవ్వాను. ఆ నవ్వును క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ క్షమ ఆమె ఇవ్వవలసింది.

తర్వాత కూర్చుని కాస్త చదువుకున్నాను. 1919లో నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. అనుమానమున్న హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలి, అందులో పేరెక్కినవాళ్లు ఆడబట్టలు కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. కర్నూలు అప్పుడు మద్రాసు కింద ఉంది, తుంగభద్ర దాటితే అలంపురం నిజాం రాజ్యం. ఈ గట్టున లేని చట్టం, ఆ గట్టు రాజ్యంలో ఉంది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. వందేళ్లు దాటిపోయింది! ఈలోగా 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, ఎవరి లింగం ఏదో తేల్చుకునే హక్కు వాళ్లదేనంది. దాన్ని బట్టల్లో, మాటల్లో, నడవడికలో చూపించుకోవడం రాజ్యాంగం 19వ అధికరణమిచ్చిన భావప్రకటన స్వేచ్ఛేనంది. ఆ తీర్పు తెచ్చుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు, వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లు, ఆ టీ బంకు దగ్గర నిలబడ్డామె లాంటివాళ్లే. నా చేతిలో అంత హక్కు పెట్టి పోతే, నేను వై.వి. స్ట్రీట్‌లో లేని అక్కకు సీమంతం చేస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నెమ్మదించాను. కొనేది తక్కువ, కుట్టించుకునేది ఎక్కువ. పోయినేడు ఎమ్మిగనూరు నుంచి చేనేత బట్ట తెచ్చుకున్నాను, బూడిద రంగు మీద సన్నటి నీలిచార. 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతగాళ్లకు సహకార సంఘం పెట్టించారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి దుప్పట్లు, తువాళ్లు ఎరగని ఇల్లు మా వైపు లేదు. ఉతికేకొద్దీ మెత్తబడే నూలు. ఆడవాళ్ల బట్ట, మగవాళ్ల బట్ట అని వేరుగా తానుల్లేవు. దాన్ని పట్టుకుని కర్నూలు పాతబస్తీలో ఒక ముసలి టైలరు దగ్గరకు పోయాను.

"ఎట్ల కుట్టాల?"

"పొడుగ్గా, మోకాళ్ల కిందికి. పక్కన చీలిక. నడుము దగ్గర కొంచెం పట్టి..."

ఆయన కళ్లద్దాలమీదుగా చూశాడు. నా పాత బుద్ధి చటుక్కున లేచింది. "నాటకానికి" అన్నాను. అంతే, ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కడప జిల్లా సురభి ఊళ్లో 1885లో కీచకవధ ఆడిన దగ్గర మొదలుపెట్టాడు. ఆ సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారన్నాడు. అవతల స్థానం నరసింహారావు సత్యభామ కడితే ఆడవాళ్లే ఆ నడక నేర్చుకుపోయేవాళ్లన్నాడు. టీ తెప్పించాడు. "మరి నీది ఏం వేషం, బృహన్నలనా?" అన్నాడు ఆశగా. ఇంకొక్క మాట పెగిలితే ఆ పెద్దాయన నాటకం చూడ్డానికి టికెట్టు అడుగుతాడు, నేను కురుక్షేత్రం దాకా ఆడి చూపించాలి.

"నాటకం లేదు పెద్దాయనా. నాకే. రోజూ వేసుకోవడానికి."

ఆయన చేతిలో టేపు ఆగింది. నేను తలుపు వైపు చూశాను. "ఆ మాట ముందే చెప్పాల గదప్పా!" అని కసిరాడు. "వేషానికైతే చంక దగ్గర వదులు పెడతాం, లోపల అస్తరేస్తాం. రోజూ తొడిగేదానికి అట్ల కుట్టకూడదు. లే, లేచి నిలబడు." మళ్లీ భుజం నుంచి కొలవడం మొదలుపెట్టాడు. నడుము కొలిచాడు, చేతులు ఎత్తమన్నాడు, కూర్చోమన్నాడు, కూర్చుంటే మోకాలి దగ్గర ఎంత లేస్తుందో చూశాడు. తర్వాత సుద్ద చెవి మీద పెట్టుకుని, "గుండీలు ఏ పక్క?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మగ చొక్కాకు గుండీలు కుడిపక్క, ఆడవాళ్లదానికి ఎడమపక్క. రోజూ పెట్టుకునేవే అయినా నేను ఎన్నడూ చూసుకోలేదు. ఏళ్లతరబడి నన్ను నేను అడుగుతున్న ప్రశ్నను ఆయన సుద్దముక్కతో అడిగేశాడు. చాలాసేపు నిలబడ్డాను. వెనక ఇంకో గిరాకీ వచ్చి కూర్చున్నాడు. "తొందరేం లేదు, ఆలోచించుకో" అన్నాడు పెద్దాయన, మిషను మీద ఇంకేదో కుడుతూ. కాసేపాగి తానే, "భుజమ్మీద పెడతాలే, ముందు తెరవనక్కర్లేదు" అన్నాడు. సరేనన్నాను. రెండు పక్కలా జేబులు కావాలన్నాను. ఆడవాళ్ల కుర్తాలకు జేబులు పెట్టకుండా ఎంతమందిని ఏడిపించారో అవి కొనుక్కున్నాకే తెలిసింది నాకు.

వారం తర్వాత తొడుక్కుని చూస్తే సరిగ్గా కుదిరింది. అమ్మకు ఫోటో పంపాను. "రంగు మాసినట్టుండాది, ఇంకోసారి ముదురు నీలం తీసుకో" అని మెసేజీ పెట్టింది. ఇంకేమీ అడగలేదు. అడిగే రోజు వస్తుంది. అప్పుడు ఏం చెప్పాలో ఇంకా నాకు తేలలేదు, కాని పెళ్లికి మొక్కుకున్నానని మాత్రం చెప్పను.

కుట్టుకూలి దగ్గరే చిన్న పేచీ వచ్చింది. ఆ కొట్లో ఆడబట్టల రేటు వేరు, మగబట్టల రేటు వేరు, గోడమీద రెండు అట్టలు వేలాడుతున్నాయి. పెద్దాయన ఆ అట్ట చూశాడు, ఈ అట్ట చూశాడు, నా కుర్తా చూశాడు. రెండిట్లో ఏది ఎక్కువో అదే తీసుకున్నాడు, జేబులకు అదనంగా వేసుకుని. ఇచ్చేశాను. వచ్చేనెల ముదురు నీలం బట్ట తీసుకుపోతాను, అప్పుడు బేరమాడతాను.